గడపకు ఇవతలి భాష: గల్ఫ్ వలస కార్మికుల పరభాషా సంభాషణలో స్థాయీక్రమం

ప్రవేశిక

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ‘దుబాయ్ పోయిండు’ అనే మాటకు భౌగోళికార్థం తక్కువ. సౌదీ అరేబియాకు పోయినా, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో దేనికి పోయినా ఊరివారి వాడుకలో అది దుబాయే. ఒక నగరం పేరు ఆరు దేశాలకు సరిపోయినట్లే, ఆ ఒక్క మాట కింద కనీసం మూడు భాషల అనుభవం మరుగున పడి ఉంటుంది. ఇంటి తెలుగుతో విమానమెక్కిన మనిషి క్యాంపులో తోటివారితో హిందీలోనో ఉర్దూలోనో, పనిచోట పైవారితో అరబ్బీగా చెప్పబడే ఒక కుదించిన భాషలోనో బతకవలసి వస్తుంది.

ఈ ప్రాంతపు గల్ఫ్ జీవితం తెలుగు సాహిత్యంలోకి వచ్చింది. సిరిసిల్ల ప్రాంత రచయిత పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’ నవల అందుకు ప్రముఖ నిదర్శనం. వలసను గురించిన చర్చ సహజంగానే అప్పు, ఎడబాటు, మరణం అనే అంశాల చుట్టూ సాగుతుంది. వలస కార్మికుడు పరభాషను ఏ మెట్టు దాకా ఎక్కాడు, ఎక్కడ ఆగాడు, ఆగినందుకు ఏం చెల్లించాడు అనే ప్రశ్న ఆ చర్చలో అంచునే ఉండిపోతుంది. భాషా ప్రావీణ్య స్థాయిల సిద్ధాంతాన్ని ఈ అనుభవం ఎదుట నిలబెట్టి, దాని బలాన్నీ పరిమితినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కార్మికుడి భాషాభివృద్ధి ఆగిపోవడానికి అతని శక్తిలోపం కారణం కాదనీ, అతనికి వినిపించే భాష, అతని చుట్టూ ఉన్న ఏర్పాటు కలిసి ఒక నిర్దిష్టమైన మెట్టు వద్ద, అంటే జరిగినదాన్ని చెప్పగలిగే మెట్టు వద్ద, అతన్ని నిలిపివేస్తున్నాయనీ ఇక్కడి ప్రతిపాదన.

స్థాయిల నిచ్చెన: అది దేన్ని ముందుగా అనుకుంటుంది?

పరభాషా ప్రావీణ్యాన్ని మెట్లుగా విభజించే పద్ధతుల్లో నేడు ఎక్కువ ప్రచారంలో ఉన్నది ఐరోపా మండలి 2001లో ప్రకటించిన ఉమ్మడి ప్రమాణ చట్రం. ఎ1 నుండి సి2 వరకు అందులో ఆరు స్థాయిలున్నాయి. అభ్యాసకుడికి ఎన్ని వ్యాకరణ సూత్రాలు తెలుసు అని అడగకుండా, ఆ భాషతో అతడు ఏ పని చేయగలడు అని అడగడం దాని విశిష్టత. దీనికి పూర్వరంగం 1975లో వాన్ ఎక్ రూపొందించిన ‘గడప స్థాయి’. పరాయి సమాజంలో స్వతంత్రంగా మెలగడానికి కావలసిన కనీస భాషను ఆయన గడపగా భావించాడు. తరువాతి చట్రంలో బి1 దానికి సమానమైనది. అనుభవాలను, సంఘటనలను వరుసగా చెప్పగలగడం, కారణాలను క్లుప్తంగా వివరించగలగడం ఈ స్థాయి లక్షణాల్లో ముఖ్యమైనవి.

ఈ చట్రం మొదటి మెట్టులోనే ఒక షరతు ఉంది. ఎదుటివారు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడి, సాయపడటానికి సిద్ధంగా ఉన్నప్పుడు అభ్యాసకుడు సాధారణ సంభాషణ చేయగలడని ఎ1 వివరణ చెబుతుంది. తరగతి గదిలో ఈ షరతు ఎవరి కంటా పడదు, ఎందుకంటే ఉపాధ్యాయుడి పనే అది. నిర్మాణ స్థలంలో ఫోర్‌మెన్‌కు ఆ బాధ్యత లేదు. అతడు గట్టిగా, వేగంగా, చేతి సైగతో కలిపి మాట్లాడతాడు. మాట అర్థమైందా అన్నదానికి పని జరిగిందా లేదా అన్నదే అతనికి కొలమానం. అంటే నిచ్చెన తొలి మెట్టే ఎదుటివారి సౌజన్యం మీద నిలబడి ఉంది. ఆ సౌజన్యం లేనిచోట కార్మికుడు మెట్టెక్కలేదనడం కంటే, అతనికి మెట్టు వేయలేదనడం న్యాయం.

కొలతకు సంబంధించిన మరో చిక్కు కూడా గమనించాలి. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ ఇంగ్లీషు మాతృభాషగా గలవారు అరబ్బీలో వృత్తిపరమైన ప్రావీణ్యం పొందడానికి సుమారు 2200 తరగతి గంటలు పడుతుందని లెక్కవేసింది. దౌత్యోద్యోగికి ఆ గంటలు జీతంతో లభిస్తాయి. సిరిసిల్ల కార్మికుడికి పదేళ్ల నివాసమున్నా ఒక్క తరగతి గంట ఉండదు. కనుక అతని విషయంలో సంవత్సరాలను లెక్కించడం వల్ల ప్రయోజనం లేదు. ఆ సంవత్సరాల్లో ఎవరు అతనితో ఏ భాష మాట్లాడారన్నది లెక్కించాలి.

వినిపించే భాష స్వరూపం

గల్ఫ్ దేశాల్లో వలస కార్మికులకూ స్థానికులకూ మధ్య నడిచే భాషను భాషాశాస్త్రజ్ఞులు గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అంటారు. దీనిని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించిన వ్యాసాన్ని జాక్ స్మార్ట్ 1990లో ప్రచురించాడు. తరువాత నెస్ (2008), బాకిర్ (2010) దీని క్రియావ్యవస్థను, నిర్మాణాన్ని విశ్లేషించారు. వారి వర్ణనల సారాంశం ఇది. అరబ్బీ క్రియలో పురుష, లింగ, వచన, కాల భేదాలను చూపే ప్రత్యయాలన్నీ ఇందులో దాదాపు జారిపోతాయి. ‘అనా’ (నేను), ‘ఇంతా’ (నువ్వు) వంటి సర్వనామాలే కర్తను చూపుతాయి. ‘ఫీ’ ఉండటాన్నీ, ‘మాఫీ’ లేకపోవడాన్నీ చెబుతాయి. కాలాన్ని ‘అమ్స్’ (నిన్న), ‘బుక్రా’ (రేపు) వంటి మాటలతో సూచించాలి. ‘సవ్వి’ అనే క్రియను నామానికి చేర్చి కొత్త క్రియలు కట్టుకుంటారు. ‘సవ్వి షుగుల్’ అంటే పని చేయు.

ఈ చివరి నిర్మాణం తెలుగువారికి వింత కాదు. పని చేయు, ఫోన్ చేయు, ఫిర్యాదు చేయు అన్న మన అలవాటుకు అది దగ్గరది. హిందీ, ఉర్దూలలోనూ ఈ పద్ధతే ఉంది. దక్షిణాసియా భాషల ముద్ర దీని మీద ఉందనే వాదనకు ఇది ఆధారం కాగలదు. అయితే ఇతర ఖండాల పిడ్జిన్లలోనూ ఇలాంటి పోకడలు కనిపిస్తాయి కాబట్టి దీన్ని తేల్చిచెప్పడం తొందరపాటవుతుంది.

ఇక్కడ విమర్శకు ముఖ్యమైనది మరొకటి. ఈ కుదింపు కార్మికుడి తప్పుల మూట మాత్రమే కాదు. పరాయివారితో మాట్లాడేటప్పుడు స్థానికులే తమ భాషను కత్తిరించి మాట్లాడతారని ఫెర్గూసన్ 1971లోనే చర్చించాడు. గల్ఫ్ యజమాని తన కుటుంబంతో మాట్లాడే అరబ్బీ వేరు, పనివాడితో మాట్లాడే అరబ్బీ వేరు. కార్మికుడు రెండోదాన్నే వింటాడు, దాన్నే నేర్చుకుంటాడు, నేర్చుకున్నది సరిగానే నేర్చుకుంటాడు. విన్నదాన్ని నూటికి నూరుపాళ్లు పట్టుకున్నవాడిని కూడా ప్రావీణ్య చట్రం ఎ1 వద్దే నిలబెడుతుంది. లోపం అభ్యాసకుడిలో ఉందా, అతనికి ఇచ్చిన పాఠంలో ఉందా అని చట్రం అడగదు.

ఆగిపోవడం: వ్యక్తి లోపమా, ఏర్పాటు ఫలితమా?

పరభాషాభ్యాసం ఒక దశలో గడ్డకట్టిపోవడాన్ని సెలింకర్ 1972లో శిలీభవనంగా పేర్కొన్నాడు. 1980లలో ఐరోపాలో అయిదు దేశాల భాషలను తరగతి గది లేకుండా నేర్చుకుంటున్న 40 మంది వలసదారులను దీర్ఘకాలం పరిశీలించిన బృందం ఇందుకు మరింత స్పష్టత తెచ్చింది. ఆ పరిశోధన ఆధారంగా క్లైన్, పెర్డ్యూ 1997లో ‘ప్రాథమిక రూపం’ అనే భావనను ప్రతిపాదించారు. ప్రత్యయాలు లేని నామాలు, క్రియలు, కొద్దిపాటి పదక్రమ సూత్రాలతో అది నడుస్తుంది. పంజాబీ, తుర్కీ, అరబ్బీ, స్పానిష్ వంటి వేర్వేరు మాతృభాషలవారు కూడా ఇంచుమించు ఒకే రూపానికి చేరుకున్నారు. వారిలో సుమారు మూడోవంతు మంది అక్కడే ఆగిపోయారు. పదజాలం పెరిగింది గానీ నిర్మాణం మారలేదు.

గల్ఫ్ పిడ్జిన్ మీద 2013లో వచ్చిన అల్మొయిలీ సిద్ధాంత గ్రంథం మలయాళం, బెంగాలీ, పంజాబీ మాతృభాషలుగా గలవారిలో అయిదేళ్లలోపు ఉన్నవారి మాటను, పదేళ్లకు పైబడినవారి మాటతో పోల్చింది. నివాస కాలం పెరిగినంత మాత్రాన వ్యాకరణం పెద్దగా స్థానిక అరబ్బీ వైపు జరగలేదన్నది దాని నుండి గ్రహించదగిన విషయం. ఆ పరిశోధనలో తెలుగువారు లేరు. తెలుగు శాఖల పరిశోధకులు పూరించవలసిన ఖాళీ ఇది.

ఆగిపోవడానికి సామాజిక కారణాలు వెదకడం కష్టం కాదు. కార్మికుల నివాసం ఊరికి దూరంగా ఉండే క్యాంపు. అక్కడ పక్క మంచం మీద ఉన్నవాడు బిహారీ, నేపాలీ, బంగ్లాదేశీ, లేదా మెట్‌పల్లి మనిషే కావచ్చు. స్థానిక అరబ్బు కాడు. వీసా కఫీల్‌తో ముడిపడి ఉంటుంది, పౌరసత్వం దొరకదు, కుటుంబాన్ని తెచ్చుకునేంత జీతం చాలామందికి రాదు. ఎంత నేర్చుకున్నా ఆ సమాజంలో భాగమయ్యే దారి లేనప్పుడు భాషలో పైమెట్టు ఎక్కడానికి ప్రేరణ ఎక్కడినుండి వస్తుంది? సమాజాల మధ్య దూరం పెరిగితే పరభాష పిడ్జిన్ దశలోనే నిలుస్తుందన్న షూమన్ (1978) వాదనకు గల్ఫ్ క్యాంపు దాదాపు పాఠ్యోదాహరణ వంటిది.

అయినా అందరినీ ఒకే గాటన కట్టరాదు. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు అరబ్బీ కుటుంబాల మధ్యే ఉంటారు. పిల్లల మాటలు, వంటింటి మాటలు వారి చెవిన పడతాయి. వారికి భాష దగ్గర, బయటి ప్రపంచం దూరం. నిర్మాణ కూలీగా వెళ్లిన జగిత్యాల పురుషుడికి తోటివారు దగ్గర, భాష దూరం. ఇంటి డ్రైవరు, దుకాణ విక్రేత, ఎడారిలో మేకలను కాచే కాపరి, వీరిలో ఒక్కొక్కరికి దొరికే అరబ్బీ పరిమాణం ఒక్కొక్క తీరు. కనుక స్థాయి అన్నది మనిషికి అంటిపెట్టుకున్న గుణం కాదు. అతని పనికీ, నివాసానికీ ఉన్న సంబంధం అది.

వారసత్వ పదజాలం: చేరువ, ఎడం

తెలంగాణ కార్మికుడు గల్ఫ్‌కు ఖాళీ చెవులతో వెళ్లడు. హైదరాబాద్ రాజ్యంలో ఉర్దూ పాలనా భాషగా ఉన్న కాలం అతని ఊరి తెలుగులో వందలాది అరబ్బీ మూల పదాలను మిగిల్చింది. తారీఖు, జవాబు, హిసాబు, బాకీ, దుకాణం, వసూలు, నగదు, ఖాళీ, దావా అనేవి కోరుట్ల అంగడిలో ఎవరూ పరాయివిగా భావించని మాటలు. దీనికి తోడు జగిత్యాల, కోరుట్ల పట్టణాల్లో దక్కనీ ఉర్దూ వినని తెలుగువారు అరుదు. సిరిసిల్ల నేతకారుల్లో ఎందరో గల్ఫ్‌కు ముందే భివండి, సూరత్ మరమగ్గాల మధ్య హిందీని చెవిన వేసుకున్నవారు. ఆ విధంగా ఈ ప్రాంతంవారి నిచ్చెనకు తొలి మెట్టు ఊళ్లోనే ఉంది. ప్రావీణ్య పరీక్షలేవీ లెక్కించని పెట్టుబడి ఇది.

అయితే ఈ పెట్టుబడి ఒక్కొక్కచోట మోసం చేస్తుంది. మూడు ఉదాహరణలు చాలు. తెలంగాణ రైతుకు ‘మాఫీ’ అంటే రద్దు, క్షమ. రుణమాఫీలో ఉన్న ఊరట అది. గల్ఫ్‌లో ‘మాఫీ ఫులూస్’ అంటే డబ్బు లేదని అర్థం. ఆ ‘మాఫీ’ అరబ్బీలో ‘మా’, ‘ఫీ’ అనే వేరే రెండు మాటల కలయిక. రెండోది ‘హక్కు’. తెలుగులో ఇది న్యాయానికి సంబంధించిన బరువైన పదం. సాహిత్య అరబ్బీలోనూ ఆ అర్థం ఉంది. కానీ గల్ఫ్ వాడుకలో ‘హగ్’ రూపంలో అది ఫలానావారిది అని చెప్పే షష్ఠీ విభక్తి స్థానంలో నిలుస్తుంది. పనిచోట కార్మికుడి చెవిన ఎక్కువగా పడేది ఆ రెండో వాడుకే.

మూడో ఉదాహరణ మరింత తీవ్రమైనది. నేటి తెలుగులో ‘ముద్దాయి’ అంటే నిందితుడు. అరబ్బీలో ‘ముద్దఈ’ అంటే దావా వేసినవాడు, ఫిర్యాది. జీతం బాకీ కోసం న్యాయస్థానం మెట్లెక్కిన కార్మికుణ్ని అరబ్బీ పత్రం ముద్దఈ అంటే, ఆ మాట అతని తెలుగు చెవికి నేరారోపణగా వినిపిస్తుంది. పదాలు తెలిసి ఉండటం వేరు, భాష రావడం వేరు అనే సామాన్య సత్యం ఇక్కడ ప్రాణాంతకమైన పదును తేరుతుంది.

గడప: జరిగినది చెప్పడం

గల్ఫ్ అనుభవాన్ని బట్టి స్థాయీక్రమాన్ని తిరిగి అమర్చితే అది వ్యాకరణపు మెట్లుగా గాక, వాక్కు చేసే పనుల మెట్లుగా కనిపిస్తుంది. ఆజ్ఞను గ్రహించడం మొదటిది. అవసరాన్ని అడగడం రెండోది. కాదనడం మూడోది. జరిగినది చెప్పడం నాలుగోది. చెప్పినదాన్ని ఎదురు ప్రశ్నల ముందు నిలబెట్టుకోవడం అయిదోది.

మొదటి రెండింటికీ పిడ్జిన్ చాలు. మూడోదానికి భాషాపరంగా ఒక్క ‘మాఫీ’ చాలు, కానీ కఫీల్ ముందు ఆ మాట అనే అనుమతి లేదు. నాలుగో మెట్టు దీనికి తలకిందులు. పోలీసు ఠాణాలో, కార్మిక న్యాయస్థానంలో, ఆసుపత్రిలో ‘ఏం జరిగిందో చెప్పు’ అని అడుగుతారు. అక్కడ మాట్లాడే అనుమతి ఉంది, మాట్లాడటానికి భాష లేదు.

‘పారిపోయాడు’ అన్న ఆరోపణను తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. సౌదీలో యజమాని ఇలా నమోదు చేయించడాన్ని ‘హురూబ్’ అంటారు. ఈ ప్రాంతపు వలస కుటుంబాలకు పరిచితమైన, భయం గొలిపే మాట అది. దానికి జవాబు చెప్పాలంటే ‘వెళ్లాను’, ‘పంపారు’, ‘వెళ్లగొట్టారు’, ‘వెళ్లిపోయాను’ అనే నాలుగింటి మధ్య తేడా చూపాలి. తెలుగులో పసివాడికి కూడా వచ్చే ఈ తేడాలు పిడ్జిన్‌లో ‘అనా రూహ్’ అనే ఒకే రూపంలో కలిసిపోతాయి. ‘ముదీర్ కలామ్, అనా రూహ్’ (మేనేజరు మాట, నేను పోవు) అని రెండు ముక్కలను పక్కపక్కన పెట్టవచ్చు. కానీ మొదటిది రెండోదానికి కారణమని గ్రహించే పని వినేవారి సద్భావానికే వదిలివేయాలి. సద్భావం కరువైనచోటే వివాదం పుడుతుంది కాబట్టి, ఆ వాక్యం సరిగ్గా అవసరమైనచోటనే విఫలమవుతుంది.

ఈ వైఫల్యం ఖరీదు చిన్నది కాదు. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన కొందరు కార్మికులు దుబాయిలో ఒక కేసులో శిక్షపడి, సుమారు పద్దెనిమిదేళ్లు అక్కడి జైల్లో గడిపి 2024లో ఇంటికి చేరారు. ఆ తీర్పు మంచిచెడులు ఈ వ్యాస పరిధిలోనివి కావు. అలాంటి ప్రతి కేసులోనూ వాంగ్మూలం, విచారణ, అప్పీలు, క్షమాభిక్ష అభ్యర్థన దాకా ప్రతి దశా ఒక భాషా ఘటన అనీ, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ న్యాయస్థానాల అధికార భాష అరబ్బీ అనీ గుర్తిస్తే, నాలుగో మెట్టు విలువ అర్థమవుతుంది.

అనువాదకుడు ఉంటాడు కదా అనే సమాధానం రావచ్చు. తెలుగు అనువాదకుడు దొరకనిచోట అనువాదం హిందీలోనో ఉర్దూలోనో జరుగుతుంది. అబుధాబి న్యాయ శాఖ 2019లో కార్మిక కేసుల కోసం అరబ్బీ, ఇంగ్లీషులతోపాటు హిందీని చేర్చింది. అక్కడ 2016 జనవరి నుండి ఉద్యోగ ప్రతిపాదన పత్రాలను కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్న నిబంధన అమలులోకి వచ్చినప్పుడు ప్రకటించిన పదకొండు భాషల్లో హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. దీని పర్యవసానం గమనించదగినది. తెలుగు కార్మికుడు గడప దాటవలసిన భాష నిజానికి అరబ్బీ కాదు, హిందీ లేదా ఉర్దూ. ఊళ్లో దక్కనీ విన్న అతనికి అది అందని మెట్టేమీ కాదు. కానీ అంగట్లో బేరమాడే హిందీకీ, జరిగినదాన్ని కాల క్రమంలో, కర్తృకర్మలు చెదరకుండా చెప్పే హిందీకీ మధ్య ఉన్న దూరాన్ని ఎవరూ అతనికి చూపలేదు.

శిక్షణ: ఎవరికి మెట్లు, ఎవరికి మాటల పట్టిక?

జర్మనీకి నర్సుగా వెళ్లదలచినవారు జర్మన్‌లో బి1, బి2 స్థాయిలను పరీక్ష ద్వారా నిరూపించుకోవాలి. అందుకు తగిన శిక్షణ హైదరాబాదులో ఉంది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మన్, జపనీస్ శిక్షణలకు పూనుకుంది. గల్ఫ్‌కు కూలీగా వెళ్లేవారిని భాషాస్థాయి ఎవరూ అడగరు. వారిని రాజ్యం వర్గీకరించేది 1983 వలసల చట్టం అమలులో భాగంగా వచ్చిన పదో తరగతి కొలమానంతో. పదో తరగతి ఉత్తీర్ణులకు వలస అనుమతి అక్కరలేదు, కానివారికి కావాలి. బడి కాగితాన్ని కొలిచే ఈ పద్ధతి నోటి భాషను కొలవదు. ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక్కరోజు అవగాహన శిక్షణలో భాషకు మెట్లు వేసే వ్యవధి ఎలాగూ ఉండదు.

ముప్పై రోజుల్లో పరభాష నేర్పుతామనే పుస్తకాల నమూనా ఈ ఖాళీని పూరించలేదు. అంకెలు, శరీర భాగాలు, వంటసామాను, వారాల పేర్లు అనే వరుసలో నడిచే ఆ పద్ధతి పదాలను పోగుచేస్తుంది. ఐరోపా పరిశోధన చెప్పినదాన్ని బట్టి చూస్తే, పదాలు ఎన్ని చేరినా ప్రాథమిక రూపం ప్రాథమిక రూపంగానే ఉండగలదు. కావలసింది ‘మొదట’, ‘తరువాత’, ‘అందువల్ల’, ‘ఆయన పంపగా’, ‘నా ఇష్టం లేకుండా’ వంటి సంబంధ సూచకాలను ముందుకు తెచ్చే పాఠక్రమం. అది తెలంగాణ వాడుక తెలుగు నుండి దక్కనీకి, అక్కడి నుండి ప్రామాణిక హిందీకి, చివరగా అవసరమైనంత గల్ఫ్ అరబ్బీకి సాగాలి. మాఫీ, హక్కు, ముద్దాయి వంటి మోసపు జంటల పట్టిక అందులో తొలి పుటల్లోనే ఉండాలి.

ముగింపు

ప్రావీణ్య స్థాయిల చట్రాన్ని తిరస్కరించవలసిన పని లేదు. భాషను పనితో కొలవాలన్న దాని మూలసూత్రమే ఈ విమర్శకు ఆధారం. అయితే ఎదుటివారి సహకారాన్ని సహజమని భావించడంలో, ఆగిపోయిన అభ్యాసకుణ్ని ఒంటరి వ్యక్తిగా చూడటంలో దాని పరిమితి బయటపడుతుంది. గల్ఫ్‌లో పదిహేనేళ్లు గడిపి వచ్చిన కోరుట్ల మనిషికి అరబ్బీ రాదనడం అసత్యం. వచ్చిందనడం కూడా అర్ధసత్యమే. ఆజ్ఞకు లోబడటానికి కావలసినంత వచ్చింది, తన కథ తాను చెప్పుకోవడానికి కావలసినంత రానివ్వలేదు.

తెలుగు శాఖలకు ఇందులో రెండు బాధ్యతలున్నాయి. తిరిగివచ్చినవారి మాటలను వారి సమ్మతితో సేకరించి, తెలుగువారి గల్ఫ్ అరబ్బీ ఎలా ఉందో వర్ణించడం మొదటిది. ‘ఖల్లివల్లి’ వంటి మాటలు ఇప్పటికే ఊళ్లలో తెలుగై కూర్చున్నాయి కనుక ఇది విదేశీ భాషాధ్యయనం మాత్రమే కాదు, తెలంగాణ తెలుగు అధ్యయనం కూడా. ఒప్పంద పత్రాల్లో, అనువాదక జాబితాల్లో తెలుగుకు చోటు కావాలని ప్రభుత్వాలకు ఆధారాలతో చెప్పడం రెండోది. కార్మికుణ్ని గడప దాకా నడిపించడం ఎంత అవసరమో, గడపనే అతని భాష దగ్గరకు జరపడం అంతే అవసరం.